నా రిపోర్టు ముందు నాకు చెప్పండి

ఆ రోజు ఆదివారం. పిల్లలిద్దరికీ తలంట్లు పోసి ఆఖరున నేను పోసుకుంటున్నాను. మా ఇంట్లో ఇప్పటికీ కుంకుడుకాయలే. కాయలు కొట్టి, గింజలు తీసి, నానబెట్టడం మా అత్తయ్య పని. రసంతో పాటు ఎక్కడో ఒక గింజ వచ్చి ఒంటికి అంటుకుపోయినట్టుంది అనుకుని, ఎడమవైపు చంకకి కాస్త కింద చేత్తో తోసేశాను. పోలేదు. మళ్లీ తోశాను. పక్కకి జరిగింది గానీ పోలేదు. గింజ పైన లేదు. లోపల ఉంది.

అలాగే పీట మీద కూర్చుండిపోయాను. "ఏమ్మా, ఇంకా కాలేదా? అన్నాలకి టైమయింది" అని అత్తయ్య పిలిచేదాకా కళ్లలోకి రసం కారుతోందని కూడా తెలియలేదు. బయటికొస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. "కుంకుడురసం పడింది అత్తయ్యా" అన్నాను. అది మొదటి అబద్ధం.

తర్వాత పదకొండు రోజుల పాటు అలాంటివి ఎన్ని ఆడానో లెక్క లేదు.

మీరు నమ్మండి, నేను చదువుకోనిదాన్ని కాదు. డిగ్రీ ఉంది. ఇరవై దాకా కథలు అచ్చయ్యాయి. నా కథల్లో ఆడవాళ్లు మొగుణ్ణి నిలదీస్తారు, ఆఫీసర్ని నిలదీస్తారు, ఒకావిడ ఏకంగా ఊరి ప్రెసిడెంటునే నిలదీస్తుంది. వాళ్లందరినీ పుట్టించిన నేను మాత్రం పదకొండు రోజులు నోరు మెదపలేదు. పెద్దవాడి పరీక్షలయ్యాక చెబుదాం, ఆడపడుచు వచ్చి వెళ్లాక చెబుదాం, శ్రావణమాసం వచ్చాక చెబుదాం. చెబితే అది నిజమైపోతుందని భయం. చెప్పకపోతే కాకుండా ఉంటుందా? ఉండదని నాకూ తెలుసు. అయినా రోజూ స్నానాల గదిలో తలుపు గడియ వేసుకుని, ఇవాళ కరిగిపోయిందేమోనని వెతుక్కునేదాన్ని.

ఇంకో సంగతి. కాలు నొప్పొస్తే కాలు నొప్పంటాం. తల నొప్పొస్తే తల నొప్పంటాం. ఇక్కడ మాత్రం "ఒంట్లో బాగాలేదు" అంటాం. ఇంత దూరం రాశాక వెనక్కి చూసుకుంటే నేనూ "చంకకి కాస్త కింద" అనే రాశాను, చూశారా! రొమ్ము అని రాయడానికి ఇన్ని పేరాలు పట్టింది. రాయడానికే ఇంత సిగ్గయితే డాక్టరు ముందు చీర కొంగు తీయడానికి ఎంత కావాలి? ఈ సిగ్గు వల్ల ఆలస్యమై ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనాల ప్రకారం 2022వ సంవత్సరం ఒక్కదానిలోనే మన దేశంలో సుమారు 1,92,000 మంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చింది. సుమారు 98,000 మంది చనిపోయారు. మన దేశపు ఆడవాళ్లకి ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇదే.

"నొప్పి లేదు కదా, ఫరవాలేదులే" అని నాకు నేను చెప్పుకున్న ధైర్యం కూడా తప్పేనట. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి ఉంటే పరుగెత్తుకెళ్లేవాళ్లం, లేదు కాబట్టే కూర్చుంటాం. అలాగని కంగారు పడాల్సిన పనీ లేదు. రొమ్ములో కనిపించే గడ్డల్లో చాలా భాగం, పదింటిలో ఎనిమిది దాకా, క్యాన్సర్ కావు. నీటి బుడగలుంటాయి, కొవ్వు గట్టిపడినవుంటాయి, నెలసరికి ముందు బిగుసుకుని తర్వాత వదిలేసేవుంటాయి. ఏది ఏదో మన వేళ్లు చెప్పలేవు. పరీక్ష చెప్పాలి. అందుకే పదిలో ఎనిమిది అన్న మాట విని ఇంట్లో కూర్చోకూడదు, ఆ మాట పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాలి.

పన్నెండో రోజు రాత్రి మావారితో చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏం కాదులే, పడుకో" అని అటు తిరిగి పడుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. తెల్లారి లేచేసరికి ఆయన అప్పటికే ఆఫీసుకి సెలవు చెప్పి, పిల్లల క్యారియర్లు సర్దుతున్నారు. పెరుగన్నంలో ఉప్పు వేయడం మర్చిపోయారు. అప్పుడర్థమయింది, రాత్రంతా ఆయనా నిద్రపోలేదని.

ఆస్పత్రిలో డాక్టరమ్మగారు మంచావిడ. రెండు వైపులా, చంకల్లో, మెడ ఎముక పైన చేత్తో నిదానంగా చూశారు. "ఇప్పుడే ఏమీ చెప్పనమ్మా. దీనికి మూడు మెట్లున్నాయి. చేత్తో చూడటం ఒకటి, ఫొటో తీయడం రెండు, సూదితో ముక్క తీసి చూడటం మూడు. మూడూ ఒకే మాట చెబితే అప్పుడు నేను మాట చెబుతాను" అన్నారు. నలభై లోపువాళ్లకి రొమ్ము కండ దట్టంగా ఉంటుంది కాబట్టి మామోగ్రామ్ ఒక్కదానిలో అన్నీ స్పష్టంగా కనిపించకపోవచ్చునట. అందుకని ముందు అల్ట్రాసౌండ్ రాశారు, తర్వాత మామోగ్రామ్ కూడా తీయించారు. మామోగ్రామ్ అంటే రొమ్ముని రెండు పలకల మధ్య అదిమి తీసే ఎక్స్‌రే. కాస్త నొప్పి ఉంటుంది, అబద్ధమెందుకు. కానీ క్షణాల్లో అయిపోతుంది.

అల్ట్రాసౌండ్ కాగితం చేతికిచ్చారు. చివరి లైనులో "బైరాడ్స్ 4ఏ" అని ఉంది. నాలుగు అన్న అంకె చూడగానే నా గుండె జారిపోయింది. నాలుగో స్టేజీ అనుకున్నాను! బస్సులో ఇంటికొస్తూ ఆ కాగితం ఎన్నిసార్లు చదివానో. పిల్లల పెళ్లిళ్లు ఎవరు చేస్తారు, చిన్నదానికి జడ వేయడం ఈయనకి రాదే, బీరువా తాళం రెండోది ఎక్కడుందో ఎవరికీ తెలియదే... ముప్ఫై కిలోమీటర్ల దారిలో నా సంసారం మొత్తం నేను లేకుండా ఒకసారి నడిపించి చూశాను.

మర్నాడు డాక్టరమ్మగారు నవ్వారు. "ఇది స్టేజీ కాదమ్మా, ఫొటో చూసిన డాక్టరు వేసే నంబరు" అన్నారు. మనకి ఎవరూ చెప్పరు కాబట్టి నేను రాసి పెడుతున్నాను, కత్తిరించి దాచుకోండి. బైరాడ్స్ 0 అంటే ఇంకో ఫొటో కావాలని. 1 అంటే ఏమీ లేదని. 2 అంటే ఉంది గానీ ప్రమాదం లేనిదని. 3 అంటే ప్రమాదం లేనిదే అయ్యుండొచ్చు, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు మించదు, కొన్ని నెలలాగి మళ్లీ చూడాలని. 4 అంటే అనుమానం ఉంది, ముక్క తీసి చూడాలని. దీంట్లోనే ఏ, బీ, సీ అని మెట్లుంటాయి. ఏ అంటే అనుమానం తక్కువ, నూటికి రెండు నుంచి పది లోపు. 5 అంటే అనుమానం చాలా ఎక్కువ. 6 అంటే ముందే క్యాన్సరని తేలినది. ఇంతే. ఈ నాలుగు ముక్కలు ఆ కాగితం ఇచ్చేటప్పుడే కౌంటరు దగ్గర చెప్పి ఉంటే నాకొక రాత్రి మిగిలేది.

ఇక మూడో మెట్టు. మత్తు సూది వేసి, ఇంకో లావుపాటి సూదితో ముక్క తీశారు. స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడు. నాలుగుసార్లు. చిన్న సీసాలో, నీళ్లలాంటి మందులో, తెల్లటి సేమ్యా ముక్కల్లా నాలుగు పోగులు. మూత మీద నా పేరు. సూది తగిలితే గడ్డ చెదిరి ఒళ్లంతా పాకుతుందని మనవాళ్లు అంటారు కదా, నేనూ అడిగాను. అది ఉత్త భయం, సూది పరీక్ష వల్ల జబ్బు ముదరదు, పరీక్ష చేయించుకోకుండా ఆలస్యం చేస్తేనే ముదురుతుందన్నారు.

"రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అన్నాను బయట కౌంటర్లో.

"వారం పడుతుంది."

"వారమంటే ఏ రోజు?"

"వారమంటే వారమేనమ్మా" అన్నాడతను, పక్కవాళ్ల రసీదు రాస్తూ.

గడ్డ కంటే, సూది కంటే, ఆ వారం ఎక్కువ బాధపెట్టింది. దాని గురించే ఈ వ్యాసం.

ఎందుకంత సేపు పడుతుందని మీరనుకోవచ్చు. నేనూ తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది. ఆ ముక్కలు మందులో గట్టిపడాలి. తర్వాత వాటిలో నీరంతా తీసి, మైనంలో దిమ్మెలా పోస్తారు. ఆ దిమ్మెని వెంట్రుక మందం కంటే ఎంతో పలచగా పొరలు కోస్తారు. గాజు పలక మీద పరిచి రంగు వేస్తారు. అప్పుడు పాథాలజిస్టు అనే డాక్టరు మైక్రోస్కోపులో చూస్తారు. అనుమానం తీరకపోతే ఇంకో రంగు వేసి మళ్లీ చూస్తారు. తొందరపడితే తప్పయ్యే పని. ఇది తెలిశాక నా మనసు కొంత కుదుటపడింది, నిజంగా. నా కాగితాన్ని ఎవరో బల్ల సొరుగులో పడేసి మర్చిపోలేదు, ఎవరో దాని మీద పని చేస్తున్నారు అన్న ఊహ ఒక ఊరట. కానీ ఈ మాట కూడా ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. అడిగి అడిగి తెలుసుకున్నాను.

ఆ వారం మధ్యలో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం వచ్చింది.

ఒంటికి ప్లాస్టరు, దాని పైన కొత్త జాకెట్టు, పైన పట్టుచీర. తొమ్మిది రకాల పిండివంటలు, తొమ్మిది పోగుల తోరం. పూర్ణాలు నూనెలో వేస్తున్నాను గానీ చేయి వణుకుతోంది. అమ్మవారి ముందు కూర్చుని ఏం కోరుకోవాలో తోచలేదు. ఎన్నేళ్లుగా చేస్తున్నాను ఈ వ్రతం! ఆయన బాగుండాలని, పిల్లలు బాగుండాలని, అయిదోతనం ఇమ్మని అడిగాను. నా ఒళ్లు బాగుండాలని ఒక్కసారి అడిగిన గుర్తు లేదు. అడగడం స్వార్థమనిపించేది. ఆ రోజు అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

సాయంత్రం పేరంటాళ్లకి కాళ్లకి పసుపు రాస్తున్నాను. ఎదురింటి పిన్నిగారి పాదాల దగ్గరికొచ్చేసరికి నా చేతుల వణుకు ఆవిడ పట్టేశారు. అందరూ శనగలు, తాంబూలాలు తీసుకుని వెళ్లాక ఆవిడ ఆగిపోయి వంటింట్లోకి వచ్చారు. "ఏమిటమ్మా?" అన్నారంతే. నేను ఏడ్చేశాను. అంతా చెప్పేశాను.

ఆవిడ "ఏం కాదులే" అనలేదు. "దేవుడున్నాడు" అనలేదు. "నేను చెప్పిన ఆకు పసరు రాయి" అని అసలే అనలేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అన్నారు. "నాకు ఒక వైపు లేదమ్మా. తీసేసి తొమ్మిదేళ్లయింది. మెత్తటి గుడ్డ కుట్టుకుని లోపల పెట్టుకుంటాను. ఈ వీధిలో ఎవరికీ తెలియదు."

ఆరేళ్లుగా ఎదురెదురు ఇళ్లలో ఉంటున్నాం. పచ్చళ్లు ఇచ్చిపుచ్చుకున్నాం. ఆవిడ ఊరెళితే తులసికోటకి నీళ్లు నేనే పోస్తాను. నాకు తెలియదు! తెలిసి ఉంటే పదకొండు రోజులు ఒంటరిగా కుమిలిపోయేదాన్నా? ఆ ఆదివారమే కుంకుడురసం తల మీద ఉండగానే వీధి దాటి వెళ్లేదాన్ని. మనం దాచుకున్న ప్రతి జబ్బూ ఇంకో ఆడమనిషికి దారి చూపించగలిగిన దీపం. మూకుడు బోర్లించి పెట్టేస్తున్నాం. (ఆవిడ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దన్నారు.)

"బుధవారం నేనూ వస్తాను" అన్నారు వెళుతూ. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరైనా ఇలా ఎదురుచూస్తుంటే ఏం చెప్పాలో తెలియక తికమకపడే వాళ్లకి నా సలహా ఇదే. ధైర్యం చెప్పకండి. "నేనూ వస్తాను" అనండి. ఏం కాదు అని చెప్పడానికి మనకేం తెలుసు? వస్తానని చెప్పడానికి ఏమీ తెలియక్కర్లేదు.

ఆ వారం రోజులూ నన్ను నిలబెట్టినవి ఇంకొన్ని ఉన్నాయి. పెద్ద విషయాలేం కావు. మొదటిది, సెల్‌ఫోన్లో వెతకడం మానేశాను. రాత్రి రెండింటికి ఆ చిన్న తెర మీద కనిపించేవన్నీ చావు కబుర్లే. అడగాల్సినవన్నీ పాల లెక్క రాసుకునే నోటుబుక్కులో ఓ పేజీలో రాసుకున్నాను. డాక్టరు ఎదురుగా కూర్చుంటే మనకి అన్నీ మర్చిపోవడం అలవాటు కదా, కాగితం మర్చిపోదు.

రెండోది, బెంగకి ఒక టైము పెట్టాను. నవ్వకండి. అంట్లు తోమడం అయ్యాక మధ్యాహ్నం మూడు నుంచి మూడున్నర దాకా. అప్పుడు ఎంత కావాలంటే అంత బెంగపడేదాన్ని, ఏడ్చేదాన్ని. మిగతా వేళల్లో అది వచ్చి పిలిస్తే "మూడింటికి రా" అనేదాన్ని. మానసిక వైద్యులు కూడా ఈ పద్ధతి చెబుతారని తర్వాత తెలిసింది. వంద శాతం పని చేస్తుందని చెప్పను గానీ, సగం రోజులు మిగిలాయి.

మూడోది, చేతులకి పని. బియ్యంలో రాళ్లు ఏరాను, మూడేళ్ల కిందటి చీరలకి ఫాల్స్ ఊడదీసి కుట్టాను. కథ రాయబోతే కుదరలేదు, ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చనిపోతున్నారు. రాత్రి గుండె దడదడలాడితే లేచి కూర్చుని, గాలి నిదానంగా పీల్చి అంతకంటే నిదానంగా వదిలేదాన్ని. వదలడం ముఖ్యం. ఎవరికైనా రోజుల తరబడి తిండి సహించక, నిద్ర పట్టక, అసలు ఆలోచనే తెగకపోతే అది కూడా డాక్టరుకి చెప్పాల్సిన సంగతే. 2022లో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని పెట్టింది. 14416కి ఫోన్ చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిచ్చి ఉన్నవాళ్లే చేయాలని లేదు. భయం వేసినవాళ్లు చేయొచ్చు.

బుధవారం వచ్చింది.

ఆస్పత్రి బెంచీ మీద ఒక చివర పిన్నిగారు, మధ్యలో నేను, ఇంకో చివర ఒక పల్లెటూరి పెద్దావిడ. అరవై ఉంటాయేమో. చేతిలో స్టీలు టిఫినుబాక్సు, గోడకి ఆనుకుని కొడుకు. ఆవిడా రిపోర్టు కోసమే. "మూడు వారాలైందమ్మాయ్, తిప్పుతానే ఉండారు" అంది.

లోపల్నించి అటెండరు వచ్చాడు. ఆవిడ పేరు పిలిచి, ఆవిడ వైపు చూడకుండా, "ఈవిడ తాలూకు ఎవరండీ?" అన్నాడు. కొడుకు లోపలికెళ్లాడు. ఆవిడ లేవబోతే "నువ్వు కూర్చో పెద్దమ్మా" అన్నాడు. పది నిమిషాల తర్వాత కొడుకు బయటికొచ్చాడు. మొహం కడుక్కుని వచ్చాడని తెలుస్తూనే ఉంది. "పద అమ్మా, మందులు రాశారు" అన్నాడు.

తర్వాత నా పేరు. "ఈవిడ తాలూకు?" మావారు లేచారు. నేనూ లేచాను. "సార్ వస్తే చాలమ్మా, మీరు కూర్చోండి" అన్నాడు. ఆ రోజు మా డాక్టరమ్మగారు సెలవు, వేరే ఆయన ఉన్నారు. నేను కూర్చున్నాను. నిలదీసే ఆడవాళ్ల కథలు రాసే నేను, బుద్ధిగా కూర్చున్నాను! తలుపు అద్దంలోంచి మావారి వీపు కనిపిస్తోంది. భుజాలు వంగితే ఒక అర్థం, తల ఊపితే ఇంకో అర్థం. నా బతుకు నేను ఆయన చొక్కా వెనకవైపు చదువుకుంటున్నాను. ఆ అయిదు నిమిషాలు నేను ఎవరికీ క్షమించలేను.

బయటికొచ్చి నవ్వారు. ఫైబ్రోఎడినోమా అట. క్యాన్సర్ కాదు. చిన్నవయసు వాళ్లకి ఎక్కువగా వచ్చే ప్రమాదం లేని గడ్డ, నా వయసులోనూ వస్తుంది. ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించుకుంటూ ఉంటే సరిపోతుందన్నారు.

సంతోషమే. కాదని ఎలా అంటాను? ఇంటికెళ్లి దీపం పెట్టాను. కానీ ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండిపోయింది. నా ఒంట్లోంచి నాలుగు ముక్కలు తీశారు. సీసా మీద నా పేరు రాశారు. డబ్బు కట్టిన రసీదు మీద నా పేరుంది. అది ఏమిటో చెప్పేటప్పుడు మాత్రం నా "తాలూకు" వాళ్లకి చెప్పారు. నేను ఎవరి తాలూకుని?

ఇది ఇవాళ్టిది కాదు. 1811లో పారిస్‌లో ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రికి రొమ్ము తీసేశారు. మత్తు మందులు లేని కాలం. ఆపరేషన్ ఎప్పుడో ముందే తెలిస్తే ఆవిడ బెంగపడుతుందని డాక్టర్లు కొన్ని గంటల ముందు మాత్రమే చెప్పారు. తీరా వాళ్లు రావడం ఆలస్యమయింది. గదిలో పేర్చి పెట్టిన కట్టుగుడ్డలు చూసుకుంటూ ఆవిడ ఎదురుచూసింది. తర్వాత ఇదంతా అక్కకి ఉత్తరం రాసింది. ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు బతికి 1840లో పోయింది. రెండొందల ఏళ్ల తర్వాత మత్తుమందు వచ్చింది, మామోగ్రామ్ వచ్చింది, సూది వచ్చింది. "పాపం భయపడుతుంది, చెప్పకండి" అన్న మాట మాత్రం అలాగే ఉంది.

చెప్పకపోతే భయం ఉండదని ఎవరన్నారు? ఆ పెద్దావిడ కొడుకు మొహం చూసి ఏమీ అర్థం చేసుకోలేదంటారా? అరవై ఏళ్లు సంసారం ఈదిన మనిషి. తెలిసిన భయానికి ఒక కొలత ఉంటుంది. తెలియని భయానికి ఉండదు. పైగా వైద్యం ఆవిడ చేయించుకోవాలి. జుట్టు రాలితే ఎందుకు రాలుతోందో, వాంతులెందుకో, ఇన్నిసార్లు ఎందుకు రావాలో తెలియకపోతే సగంలో మానేయదా?

నేను కోరేవి గొంతెమ్మ కోర్కెలు కావు. ఒకటి, "వారం" అనకండి, తేదీ రాసివ్వండి. ఆలస్యమైతే ఒక ఫోన్ చేయండి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవలో క్యాన్సర్ అనుమానంతో పంపిన మనిషికి 28 రోజుల్లోగా అవునో కాదో చెప్పాలని లక్ష్యం పెట్టుకున్నారు. రొమ్ము గడ్డతో ఆస్పత్రికి వచ్చిన దగ్గర్నించి 60 రోజుల్లోగా పరీక్షలన్నీ తేల్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర అంత రద్దీలో అన్నీ కుదరకపోవచ్చు. తేదీ చెప్పడానికి మిషన్లు అక్కర్లేదు, పెన్ను చాలు.

రెండు, కాగితం ఇచ్చేటప్పుడు రెండు ముక్కలు మన భాషలో చెప్పే మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. పెద్ద డాక్టరే కానక్కర్లేదు. ముంబయి టాటా మెమోరియల్ వాళ్లు 1998 నుంచి ఇరవై ఏళ్లు లక్షా యాభై వేల మందికి పైగా ఆడవాళ్లతో ఒక పరిశీలన చేశారు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు కొందరికి రెండేళ్లకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై దాటిన వాళ్లలో ఈ జబ్బుతో చనిపోవడం సుమారు ముప్ఫై శాతం తగ్గింది. నేర్పితే ఆరోగ్య కార్యకర్త వేళ్లకి అంత శక్తి ఉందన్న మాట. ఆవిడ నోటికి మాత్రం ఉండదా?

మూడు, నా రిపోర్టు ముందు నాకు చెప్పండి. నాకు ఎవరు పక్కన ఉండాలో నేను చెబుతాను. నాకు వినే ధైర్యం లేదు, ఆయనకి చెప్పండి అంటే అదీ నేనే చెబుతాను. ఇది నా మొండితనం కాదు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రంలో తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు, తన రిపోర్టులు తీసుకునే హక్కు రోగికున్నాయని రాసి ఉంది. అదే ఏడాదికి పదేళ్ల ముందు, 2008లో, స్పృహలో ఉన్నప్పుడు సమ్మతి అడగగలిగిన పెద్దమనిషికి బదులు ఆవిడ తల్లి సమ్మతి తీసుకుని ఆపరేషన్ చేయడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. తల్లి మాటే చెల్లనప్పుడు "తాలూకు" మాటకి ఏం చెల్లుబాటు?

మావారికి ఇదంతా చదివి వినిపించాను. కాస్త నొచ్చుకున్నారు. "నీ మంచికే కదా వెళ్లాను" అన్నారు. నిజమే. ఆయన తప్పు కాదు, అటెండరు తప్పు కూడా కాదు. మేమందరం అలవాటు పడిపోయాం. మళ్లీ ఆరు నెలలకి స్కానింగ్‌కి వెళతాను కదా, ఈసారి ఇద్దరం కలిసి లోపలికి వెళదామని అనుకున్నాం. ముందు నేను, వెనక ఆయన.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ, మీలో ఎవరికైనా ఇవాళ స్నానాల గదిలో చేతికి ఏదో తగిలి ఉంటే, రొమ్ము మీద చర్మం లోపలికి లాగినట్టో, నారింజ తొక్కలాగానో కనిపిస్తే, మొన లోపలికి పోయినా, రక్తం లాంటిది వచ్చినా, పదకొండు రోజులు ఆగకండి. ముప్ఫై దాటిన ఆడవాళ్లకి ఈ పరీక్ష చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో అడగండి. మీవాళ్లని తోడు తీసుకెళ్లండి, తప్పకుండా తీసుకెళ్లండి. తలుపు దగ్గర మాత్రం మీరు ముందు నడవండి.

ఆ రోజు మేం లేచి వెళ్లబోతుంటే ఆ పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. కొడుకు మందుల షాపు దగ్గర ఉన్నాడు.

"నీకు చెప్పారా అమ్మాయ్?"

"చెప్పారు పెద్దమ్మా."

ఆవిడ టిఫినుబాక్సు ఒళ్లో సరిచేసుకుంది. "నాకేం చెప్పలా" అంది. తలుపు వైపు చూస్తూ మళ్లీ అంది, "నా ఒంట్లోదే కదా."